చేపల కోసం వచ్చినవాళ్ళు

కంపాలా,
జూలై 8

కావ్యా,

క్షేమంగా చేరాను. ఫోన్ చెయ్యలేదని కోప్పడకు. ఫోన్‌లో నేను "ఊ" తప్ప ఏమీ అననని నీకు తెలుసు. మేడ్చల్ కాన్వెంట్‌లో సిస్టర్ నన్ను లేపి ప్రశ్న వేస్తే పక్క నుంచి నువ్వే జవాబు చెప్పేదానివి. కాగితం మీదైతే నాకు నోరుంటుంది. మా తుర్కపల్లి కంపెనీ నుంచి నెలకు రెండు మూడుసార్లు ఎవరో ఒకరు ఇక్కడి ల్యాబుకు వచ్చి పోతుంటారు. వాళ్ళ చేతికి ఇస్తాను. నువ్వూ అలాగే పంపు. నేనిక్కడ ఉండే ఆరు నెలలూ ఇలాగే మాట్లాడుకుందాం.

విమానం ఎంటెబ్బేలో దిగుతుంటే కింద సముద్రం అనుకున్నాను. విక్టోరియా సరస్సట. అక్కడి నుంచి కంపాలాకు గంట ప్రయాణం. ఊరంతా గుట్టలు. మొదట ఏడు గుట్టల ఊరట, ఇప్పుడు ఎవరికీ లెక్క తెలియదు. ఒక గుట్ట మీద చర్చి, ఒక గుట్ట మీద మసీదు, ఇంకో గుట్ట మీద గడ్డి కప్పిన పెద్ద గుడిసెలో బుగాండా రాజుల సమాధులు. ఇంపాలా అనే జింకలు మేసిన గుట్ట కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందట. మీ చెరువు పక్కన జింకల పార్కు గుర్తొచ్చింది. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా ఎత్తు మీద ఉండడం వల్ల చల్లగా ఉంది. స్వెట్టర్ వద్దన్నది నువ్వే.

వీధి దీపాల మీద పెద్ద పెద్ద కొంగలు నిలబడి ఉంటాయి. బట్టతల, మెడ కింద సంచి. రిటైరైన హెడ్మాస్టర్లలా కిందకు చూస్తుంటాయి.

నా పక్క బల్ల అమ్మాయి పేరు నకాటో. కవలల్లో రెండో ఆడపిల్లకు ఇక్కడ ఆ పేరే పెడతారు. పరిచయమైన కాసేపటికే "మీ గోత్రం ఏమిటి?" అని అడిగింది. వీళ్ళకు గోత్రానికొక జంతువో, చేపో, పురుగో ఉంటుంది. ఆ గోత్రం వాళ్ళు దాన్ని తినరు, ఆ గోత్రంలో పెళ్ళి చేసుకోరు. నకాటోది మిడత గోత్రం. నవంబరులో ఊరంతా మిడతలు వేయించుకుని తింటుంటే తను చూస్తూ కూర్చోవాలట.

నా పుస్తకాల పెట్టె నీకు ఇమ్మని సుజిత్ అన్నయ్యకు చెప్పి వచ్చాను. ఇచ్చాడా? వాడు జీడిమెట్ల ఫ్యాక్టరీలో మిషన్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు. గుమ్మం దగ్గర పెట్టి పారిపోతాడేమో, చూసుకో.

నీ
అనూహ్య

•

శామీర్‌పేట,
జూలై 30

అనూ,

నీ ఉత్తరం మీ కంపెనీ క్యాబ్ డ్రైవర్ మా స్కూలు గేటు దగ్గర ఇచ్చి పోయాడు. మా మూడో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. కొంగల దగ్గర ఆపేశారు. ఒకడు లేచి, "టీచర్, గా కొంగ మన సారు లెక్కనే ఉంటదా?" అన్నాడు. మా హెడ్మాస్టరు సిద్దిరాములు సారు అప్పుడే కిటికీ పక్క నుంచి పోతున్నాడు. ఆ రోజు నుంచి టోపీ పెట్టుకుని వస్తున్నాడు.

పుస్తకాలు కొన్ని వచ్చాయి. మిగతావి వస్తాయి.

ఇంట్లో బాపు, దుర్గాబాయి అత్తల కోపాలు అలాగే ఉన్నాయి. అత్త మేడ్చల్ మార్కెట్లో చైనా గురకలు అమ్ముతుంది కదా, పుస్తకాల్లో తిలాపియా అంటారని నువ్వు చెప్పిన చేప. అది పరాయి నీళ్ళ చేప, వచ్చి మన చేపల గుడ్లు తింటుంది అంటాడు బాపు. రెండేళ్ళ కింద చేపల సొసైటీ మీటింగులో అందరి ముందూ, "గీ చేప అమ్మెటోళ్ళు నా కడప తొక్కద్దు" అన్నాడు. అత్త లేచి వెళ్ళిపోయింది. సొంత చెల్లెలు. ఇప్పుడు బాపు వలలో పడేవి కూడా సగం గురకలే. తిట్టుకుంటూ అమ్ముతాడు.

ఆదివారాలు చెరువు కట్ట మీద బాపు పక్కన తూకం నేనే వేస్తున్నాను. ఈ మధ్య కొంపల్లి నుంచి ఒకతను బండి మీద వస్తున్నాడు. కొర్రమీనుకూ బొచ్చెకూ తేడా తెలియదు. చేప తాజాగా ఉందని బాపు దాని మొప్పలు ఎత్తి చూపిస్తే కళ్ళు మూసుకుంటాడు. మొదటిసారి చేపలకని గుడ్డ సంచి తెచ్చాడు. మొన్న బాపు అడిగాడు:

"ఏంది బిడ్డా, మల్ల వచ్చినవ్? పోయిన వారం గొన్నయి అప్పుడే ఒడిసినయా? మీ ఇంట్ల పెండ్లి గిన ఉన్నదా ఏంది?"

అతను ఎర్రబడిపోయి ఇంకో కిలో కొన్నాడు.

అక్కడ పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయి? తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు? ఊరికే అడుగుతున్నాను. పిల్లలకు చెప్పడానికి.

కావ్య

•

కంపాలా,
ఆగస్టు 24

కావ్యా,

మూడో తరగతి పిల్లలకు పెళ్ళిళ్ళ సంగతి ఎందుకో నాకు అర్థం కాలేదు. అక్టోబరులో నకాటో పెళ్ళి మాటలు ఉన్నాయి. చూసి రాస్తాను.

మీ బాపుకు ఒక కబురు చెప్పు. నకాటో నన్ను సరస్సు ఒడ్డున గబా అనే రేవుకు తీసుకెళ్ళింది. పడవలు దిగగానే అక్కడే చేపను తలా తోకతో సహా వేయించి ఇస్తారు. పళ్ళెం ముందుకు రాగానే గుర్తుపట్టాను. మీ గురకే. దానికి చైనాతో సంబంధం లేదు. నైలు నది దాని పుట్టిల్లు. ఆ నైలు ఈ సరస్సులోంచే బయలుదేరి ఈజిప్టు దాకా పోతుంది. మీ బాపు తిట్టే చేపను ఇక్కడ వియ్యంకులకు వడ్డిస్తారు.

అయితే ఆయన మాట పూర్తిగా అబద్ధం కాదు. ఈ సరస్సులోకి కూడా అది తర్వాత వచ్చిందే. అరవై డెబ్భై ఏళ్ళ కింద వేరే నీళ్ళ నుంచి తెచ్చి వదిలారు. అది వచ్చాక పాత చేపలు తగ్గాయని ముసలివాళ్ళు అంటారు. అలా అంటూనే తింటారు. పరాయిదని మాత్రం ఇప్పుడెవరూ అనరు.

మనవాళ్ళ కథ కూడా ఇలాంటిదే. రైలు మార్గం వెయ్యడానికి నూట పాతికేళ్ళ కింద వచ్చారు. వాళ్ళ వెనక దుకాణాల వాళ్ళు వచ్చారు. 1972లో అప్పటి సైనిక పాలకుడు మూడు నెలలు గడువిచ్చి ఆసియా వాళ్ళందరినీ పొమ్మన్నాడు. మనుషులు పోయారు, చపాతీ ఉండిపోయింది. దాంట్లో ఆమ్లెట్ చుట్టి వీధి మూలల్లో అమ్ముతారు. పేరు రోలెక్స్. కొన్నేళ్ళకు పిలిస్తే కొందరు తిరిగి వచ్చారు. అలా వచ్చిన ఒక ముసలాయన దుకాణంలో పసుపు కొన్నాను. "మళ్ళీ ఎందుకు వచ్చారు?" అని అడగాలనుకున్నాను. అడగలేదు, నా సంగతి తెలుసుగా. ఆయనే గోడ మీద పాత ఫోటో చూపించి, "ఇది మా వీధి" అన్నాడు.

కొంపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసింది. నేను "ఊ" అన్నాను. అన్నయ్యకు చేపల పిచ్చి పట్టిందట. ప్రతి ఆదివారం సంచెడు తెస్తున్నాడట. ఫ్రిజ్‌లో పాలకు చోటు లేదట.

ఇంకేమీ విశేషాలు లేవు. మీ కొంపల్లి గిరాకీ ఎలా ఉన్నాడు?

అనూహ్య

•

శామీర్‌పేట,
సెప్టెంబరు 14

అనూ,

నువ్వు కనిపెట్టావు. నీ ఉత్తరంలో ఆ చివరి రెండు పేరాలు పక్కపక్కన చూసి నాకు చెమటలు పట్టాయి.

అవును, సుజితే. పుస్తకాలు ఒక్కోటీ ఒక్కో ఆదివారం ఇస్తున్నాడు, పెట్టె ఖాళీ అయితే రావడానికి సాకు ఉండదని. బాపు కనిపిస్తే చేపలు కొంటాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది నువ్వు వెళ్ళాక మొదలైంది కాదు. పోయిన ఏడాది నువ్వు మా ఇంట్లో కళ్ళజోడు మరిచిపోతే తీసుకుపోవడానికి వచ్చాడే, అప్పటి నుంచి. నీకు చెప్పాలని ప్రతిసారీ అనుకున్నాను. నువ్వు మా ఇద్దరి మధ్య ఇరుక్కుంటావని భయపడ్డాను.

ఇప్పుడు అసలు కష్టం వచ్చింది. తూప్రాన్ నుంచి నాకు సంబంధం వచ్చింది. కార్తీకం దాటగానే మాట ఇచ్చేస్తానని బాపు అంటున్నాడు. నేను చెప్పేస్తానంటే, మగవాణ్ణి, నేనే అడగాలి అంటాడు మీ అన్నయ్య. పోయిన వారం గట్టిగా ఊపిరి పీల్చుకుని వచ్చాడు.

"లింగం గారూ, మీతో ఒక మాట."

"ధర సంగతేనా? వారం వారం వచ్చే గిరాకీవి, నీతోని బేరమేంది. తక్కువనే ఇయ్యి తియ్."

"అది కాదండీ..."

"అయ్యో, సిగ్గెందుకు బిడ్డా? కావ్యా, గా పెద్ద బొచ్చె జోకు."

తీసుకుని వెళ్ళిపోయాడు. నేనే తూచి ఇచ్చాను.

నవ్వకు. నాకు నిజంగా భయంగా ఉంది. చేప కోసం సొంత చెల్లెలినే గడప తొక్కద్దన్న మనిషి. చేపను కాదు, మనిషిని పరాయి చోటు నుంచి తెస్తే ఏమంటాడు? నాకు సుజిత్ కావాలి. బాపు కూడా కావాలి. బాపుకు తెలియకుండా ఎక్కడో దండలు మార్చుకోవడం నా వల్ల కాదు.

ఏం చెయ్యమంటావు?

కావ్య

•

కంపాలా,
సెప్టెంబరు 29

కావ్య గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు. పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను.

అనూహ్య

•

శామీర్‌పేట,
అక్టోబరు 10

అనూ,

"గారు" అన్నావు. మన సిస్టర్ కోపం వస్తే మనల్ని "మేడమ్" అనేది. అచ్చం అలాగే ఉంది.

ఏడాది దాచాను. తప్పే. నువ్వు తిట్టు, కానీ పూర్తి ఉత్తరంలో తిట్టు. మూడు ముక్కల్లో కాదు.

సుజిత్ నిన్న ఆఖరి పుస్తకం ఇచ్చేశాడు. పెట్టె ఖాళీ అయింది.

కావ్య

•

కంపాలా,
అక్టోబరు 19

కావ్యా,

తిట్టడానికి కూచుని వేరే కథ రాయబోతున్నాను.

నాకు కోపం వచ్చింది. నాకున్న స్నేహితురాలివి నువ్వొక్కదానివే. నాతో ఇంట్లో మాట్లాడే మనిషి వాడొక్కడే. మీ ఇద్దరూ నా వెనక మాట్లాడుకుంటుంటే నేను గదిలో కూచుని చదువుకుంటున్నానన్నమాట. మూడు వారాలు అది మింగుడుపడలేదు. నిన్న నకాటో ఇంట్లో జరిగింది చూశాక పడింది.

పెళ్ళికి ముందు అబ్బాయి వాళ్ళు అమ్మాయి ఇంటికి వచ్చి తమను తాము పరిచయం చేసుకునే వేడుక అది. క్వాంజులా అంటారు. మా ఆఫీసు వాళ్ళం అబ్బాయి తరఫున వెళ్ళాం. మగవాళ్ళు పొడుగాటి తెల్ల అంగీలు. ఆడవాళ్ళవి భుజాల దగ్గర పైకి లేచి ఉండే పట్టు దుస్తులు, నడుముకు వెడల్పాటి గుడ్డ. ఆ దుస్తు వెనక కూడా ఒక గోవా దర్జీ చెయ్యి ఉందంటారు. నాకూ ఒకటి కట్టారు. నేను అందులో తలగడలా ఉన్నాను.

గేటు దగ్గరే ఆపేశారు. అమ్మాయి వైపు పెద్దమనిషి అడిగాడు: "ఎవరు మీరు? ఎందుకొచ్చారు? దారి తప్పారా?" వాళ్ళకు అన్నీ తెలుసు, వంటలు కూడా అయిపోయాయి. అయినా అడగాలి. మావైపు మాటకారి బతిమాలుతుంటే వాళ్ళు ఎగతాళి చేస్తారు. తలుపు ఆలస్యంగా తట్టారని జరిమానా, మీ వాళ్ళలో ఒకామె నవ్వడం లేదని జరిమానా. ఆ ఒకామె నేనే.

ఇంత గొడవలో పెళ్ళికొడుకు నోరు విప్పలేదు. విప్పకూడదు. మా మధ్యన మాలాగే కూచున్నాడు. మన సుజిత్ ఈ దేశంలో పుట్టవలసినవాడు.

మరి అతణ్ణి ఎవరు చూపిస్తారు? అమ్మాయి మేనత్త. సెంగా అంటారు. తండ్రి కూతురితో మాట్లాడలేని మాటలన్నీ ఆమెవే. ఆమె మా వరుసల్లోకి వచ్చి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ, కావాలనే తప్పు మనిషి దగ్గర ఆగి అందరినీ నవ్వించి, చివరికి అతని చొక్కాకు పువ్వు గుచ్చింది. "అన్నా, నేను తెచ్చినవాడు వీడు" అంది. ఆమె తెచ్చినవాణ్ణి కాదంటే ఆమెనే కాదన్నట్టు. నకాటో తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు.

కావ్యా, నీకు మేనత్త ఉంది. మేడ్చల్ మార్కెట్లో గురకలు అమ్ముతోంది. వెళ్ళి అడుగు.

ఇక నా వంతు. నేను రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. అమ్మ ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అయితే ఆ చేపలన్నీ..." అంది. "అవును" అన్నాను. "మన వాళ్ళేమంటారే?" అంది. దానికి నేను ఊరుకోకుండా, కావ్య ఎలాంటిదో, నాకు జ్వరం వచ్చినప్పుడు హాస్టల్లో ఎన్ని రోజులు నా పక్కన కూచుందో, అన్నయ్య ఇంకెవరి ముందైనా నవ్వడం నువ్వు చూశావా అనీ, ఆగకుండా చెప్పాను. అమ్మ, "నువ్వేనా మాట్లాడేది? ఒంట్లో బాగానే ఉందా?" అంది. తర్వాత నాన్నను పిలిచి, "ఏవండీ, అనూ మాట్లాడుతోంది, రండి" అంది.

చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు, మీ ఇంటికి వస్తారు. కార్తీకం వెళ్ళేదాకా ఆగవద్దని చెప్పాను.

అనూహ్య

•

శామీర్‌పేట,
నవంబరు 11

అనూ,

ముందు నీకు దండం. ఇప్పుడు విను.

నీ ఉత్తరాలన్నీ పట్టుకుని మేడ్చల్ పోయాను. అత్త చేపలు కోస్తోంది. గురక పుట్టిల్లు సంగతీ, నా సంగతీ చెప్తే కత్తి ఆపకుండా, "పిలగాడు మంచోడేనా?" అంది. మంచోడే, మాట్లాడడు అన్నాను. "మాట్లాడెటోడు మీ బాపు ఉన్నడు గద. ఒక్కడు సాలు" అంది. గడప సంగతి ఎత్తితే చెయ్యి కడుక్కుని, "ఆదివారం వస్త" అంది.

ఆదివారం మీ అమ్మగారు జానకీదేవి గారు, మీ నాన్నగారు, సుజిత్ కారు దిగారు. పట్టుచీర, పళ్ళ బుట్ట. బాపు ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్నాడు. సుజిత్‌ను చూసి లేచాడు, తర్వాత మీ అమ్మగారి బొట్టూ చీరా చూసి ఆగాడు.

"అమ్మా, ఇది కార్తీకం. మీరు నీసు ముట్టరు గద. మరి ఎందుకొచ్చిన్రు?"

అనూ, గుర్తుపట్టావా? నీ ఉత్తరంలో గేటు దగ్గర అడిగిన ప్రశ్న. ఎవరూ నేర్పకుండానే బాపు అడిగేశాడు. మీ వాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీ ఇంట్లో ఎవరికీ నోరు లేదని ఆ రోజు తెలిసింది. అప్పుడు వెనక నుంచి అత్త వచ్చింది. గడప దగ్గర ఆగి, చీర కొంచెం పైకి పట్టుకుని, ఒక్క అంగ వేసి లోపల నిలబడింది.

"అన్నా, నీ కడప తొక్కద్దన్నవ్. తొక్కలే, దాటిన."

"నువ్వెందుకొచ్చినవ్?"

"మేనత్తను. నేను గాకుంటే నీ బిడ్డకు పిలగాన్ని ఎవరు తెస్తరు? గీ నడుమ నిలబడ్డోడు, నీ చేపలు మోసి మోసి ఎండిపోయినోడు, గీయినే. నేను తెచ్చిన."

బాపు వల కింద పెట్టాడు. సుజిత్‌ను చూశాడు, నన్ను చూశాడు. "గందుకా గన్ని చేపలు" అన్నాడు మెల్లగా. తర్వాత ముఖం గట్టిపడింది. "మనోళ్ళు గాదు దుర్గా. పరాయోళ్ళు. రేపు నా బిడ్డ ఆడ ఒక్కతె ఉంటది."

"నీ చెరువుల గురక పరాయిది గాదా? రోజు పట్టి అమ్ముతలేవా? కావ్యా, దాని పుట్టిల్లు ఏడనో సదువు."

నువ్వు చెప్పమన్నా బాపుకు ఇన్నాళ్ళూ చెప్పని ఆ కబురు చదివాను. నైలు, పెద్ద సరస్సు, వియ్యంకులకు వడ్డించడం, అది వచ్చాక పాత చేపలు తగ్గడం, అన్నీ. ఆ చివరి మాటకు బాపు తలాడించి, "జూసినవా, నేను జెప్పలే?" అన్నాడు. తర్వాత, "అయితే చైనాది గాదా?" అన్నాడు.

"గాదు బాపు."

"ఇన్నేండ్ల సంది తప్పు ఊరు పేరు పెట్టి తిట్టిన."

అత్త నవ్వు ఆపుకోలేదు. బాపు సుజిత్ వైపు తిరిగాడు. "ఏంది బిడ్డా, ఇయ్యాలన్న నోరు ఇప్పుతవా? ఏం గావాలె?"

సుజిత్ చేతిలోని పళ్ళ బుట్ట కింద పెట్టాడు.

"ఈసారి చేపలు వద్దు మావయ్యా" అన్నాడు.

అంతే. బాపు వీపు తిప్పుకుని దండెం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. తిరిగి మీ అమ్మగారితో అన్నాడు:

"తిననోళ్ళకు నా ఇంట్ల ఏం పెట్టాలెనమ్మా? కార్తీకం ఎల్లినంక రాన్రి. కొర్రమీను పులుసు అయితది. అప్పుడు మాట్లాడుకుందాం." తర్వాత అత్తను చూడకుండానే, "గురకలు నువ్వు తే" అన్నాడు.

తూప్రాన్ వాళ్ళకు సాయంత్రమే కబురు పంపాడు.

మీ అమ్మగారు వెళ్తూ నా చెవిలో, "ఆ చేపలన్నీ నువ్వే తూచేదానివా? ఎప్పుడూ ఎక్కువే ఉండేవి" అన్నారు. నేనూ "ఊ" అన్నాను.

కావ్య

•

కంపాలా,
నవంబరు 27

వదినా,

ఈ మాట రాసి కాసేపు చూసుకున్నాను. బాగానే ఉంది.

ఇక్కడ మిడతల కాలం వచ్చింది. మేడల మీద పెద్ద దీపాలు పెట్టి, రేకులు నిలబెట్టి పడతారు. మీ ఊళ్ళో తొలి వానకు దీపాల దగ్గర ఉసిళ్ళు పట్టినట్టే. ఊరంతా వేయించిన వాసన. నకాటో, నేను వరండాలో కూచుని వేరుశనగలు తింటున్నాం. తన గోత్రం తనను తిననివ్వదు, నాకు ధైర్యం లేదు. నీ ఉత్తరం తనకు చదివి చెప్పాను. దుర్గాబాయి అత్త గడప దాటిన చోట రెండుసార్లు చదివించుకుంది. "మా వాళ్ళ సెంగాలకు ఈమె పాఠం చెప్పాలి" అంది. తర్వాత నన్ను అడిగింది, "మీ అన్న పిల్లలకు మరి సెంగా ఎవరు?"

నేనే కదా. అంత దూరం ఆలోచించలేదు. పెద్దయ్యాక వాళ్ళ తరఫున నేనే మాట్లాడాలి. ఇప్పటి నుంచే సాధన చెయ్యాలి. ఈ రోజు మీటింగులో లేచి ఒక ప్రశ్న అడిగాను. జవాబు కూడా వచ్చింది.

డిసెంబరు చివర వస్తున్నాను. విమానాశ్రయానికి ఎవరూ రావద్దు. నేరుగా శామీర్‌పేట వస్తాను. మీ బాపును గుమ్మంలోనే నిలబెట్టు. నన్ను లోపలికి రానివ్వకుండా, ఎవరు నువ్వు, ఎందుకొచ్చినవ్ అని అడగమను. కావాలంటే జరిమానా కూడా వెయ్యమను.

నేను జవాబు తయారుగా పెట్టుకున్నాను. చేపల కోసం అంటాను.

నీ ఆడపడుచు
అనూహ్య